మనసుకు ఇంగ్లీషు మాట

ఆఫీసు పేరు చెప్పను. జమ్మలమడుగులో ఉండేది, అంతవరకు చాలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్ళయింది. పైవాళ్ళకు ఏం బుద్ధి పుట్టిందో, హెడ్డుగుమాస్తాలను కడపకు పిలిపించి మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. కింద పనిచేసేవాళ్ళ మనసు కనిపెట్టి నడుచుకోవడం ఎలాగన్నది పాఠం.

ఆ ఆఫీసు హెడ్డుగుమాస్తా లక్ష్మీపతికి మొదట నవ్వొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో ఆయన మనసు ఎవడూ కనిపెట్టలేదు. ఆయనా ఎవరిదీ కనిపెట్టలేదు; తప్పు టైపు చేస్తే కాగితం మొహాన కొట్టేవాడు. అయితే రెండో రోజు, హైదరాబాదు నుంచి వచ్చిన బక్కపలచటి లెక్చరరు, "మీ ఆఫీసులో ఈమధ్య మాట తగ్గిపోయినవాడు ఎవడో ఒకసారి తలచుకోండి" అన్నప్పుడు ఆయనకు ఏలీయా గుర్తొచ్చాడు.

ఏలీయా టైపిస్టు. పాదిరీల బడిలో చదువుకున్నాడు, మంచి పనివాడు. మూడు నెలల కింద ఎనిమిదేళ్ళ కూతురు విజయమ్మ విషజ్వరంతో పోయింది. నాలుగో రోజుకే డ్యూటీలో చేరాడు. భార్య దీవెనమ్మ పులివెందులలో పుట్టింటికి పోయి తిరిగి రాలేదు. అప్పటినుంచి ఏలీయా ఒకే వాక్యం రెండుసార్లు కొట్టడం, చేతులు టైపు మిషను మీద పెట్టి ఊరికే కూర్చోవడం. ఆ మూడు నెలలూ లక్ష్మీపతి అతన్ని నలుగురిలో తిడుతూనే ఉన్నాడు.

కడప నుంచి రాగానే అతన్ని వరండాలోకి పిలిచి, టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏందప్పా, ఎట్లుండావు? నిజం చెప్పు."

హెడ్డుగుమాస్తా నోట అంత మెత్తటి మాట వినడం అదే మొదలు. ఏలీయా గ్లాసు కింద పెట్టేశాడు.

"మనసు బాగలేదు సార్. ఏ కాగితం చూసినా పాపే కనపడతాండాది. పదైదు దినాలు లీవిస్తే పులివెందులకు పోయి మా ఇంటిదాన్ని పిల్చుకొస్తా" అని భోరుమన్నాడు.

లక్ష్మీపతికీ కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఎంత మొరటుగా బతికానురా అనుకున్నాడు.

శిక్షణలో ఒక ఫారం ఇచ్చారు. ఇలా మాట్లాడినప్పుడల్లా అందులో ఇంగ్లీషులో రాసి ప్రొద్దుటూరులోని పైఆఫీసుకు పంపాలి. ఉద్యోగి చెప్పిన బాధ ఏమిటి అన్న గడి దగ్గర ఆయన కలం ఆగింది. మనసు బాగలేదు. మనకు ఎంత సులువైన మాట! ఎద్దు చచ్చినా అంటాం, ఆలుమగలు పోట్లాడుకున్నా అంటాం, ఏమీ తోచకపోయినా అంటాం. మనసంటే మైండు అని ఆయన చిన్నప్పుడే బట్టీ పట్టాడు. ‘మైండ్ నాట్ ఇన్ ఆర్డర్’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, పదిహేను రోజుల సెలవుకు సిఫారసు చేసి సంతకం పెట్టాడు. ఆ పూట అన్నం హాయిగా తిన్నాడు.

వారానికి జవాబొచ్చింది. మతి చలించిన ఉద్యోగి చేతికి సర్కారు కాగితాలు ఇవ్వరాదు. అతను వచ్చే నెల కర్నూలులో డాక్టర్ల బోర్డు ముందు హాజరు కావాలి. పనికిరాడని తేలితే ఉద్యోగం పోతుంది. అంతవరకు టైపు మిషను ముట్టరాదు, సెలవూ లేదు.

లక్ష్మీపతి ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాడు. పైఆఫీసు మేనేజరు కరీముల్లా పాత స్నేహితుడే.

"కరీముల్లా, అది పిచ్చి కాదప్పా! బిడ్డ పోయిన దుఃఖం. మనసు బాగలేదన్న్యాడు, నేను ఇంగ్లీషులో అట్ల రాసినా. ఆ ఫారం ఎనక్కియ్యి, చించేస్తా."

"రిజిస్టరులో నెంబరు పడినాక చించేదెట్ల?" కరీముల్లా తల పట్టుకున్నాడు. "బాగుండాడని ఇంకోటి రాసియ్యి, పైకి పంపిస్తా."

అక్కడే నిలబడి రాసిచ్చాడు. నాలుగో రోజు దానికీ జవాబొచ్చింది. మతి బాగుందని చెప్పడానికి హెడ్డుగుమాస్తా డాక్టరు కాదట. బాగలేదని రాసినప్పుడు డాక్టరా కాదా అని ఒక్కడైనా అడిగాడా! సర్కారు కాగితం సంగతే అంత. పోయేటప్పుడు కాళ్ళుంటాయి, వెనక్కి రమ్మంటే ఉండవు.

ఏలీయాకు పిచ్చన్న మాట ఆఫీసంతా గుప్పుమంది. పక్క గుమాస్తా కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. ఏలీయా రోజూ వచ్చి, గుడ్డ కప్పిన టైపు మిషను ముందు సాయంత్రం దాకా చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు. అతన్ని మునుపటిలా ఒక్క తిట్టు తిట్టగలిగితే చాలుననిపించేది లక్ష్మీపతికి. అదీ నోట రాలేదు.

బోర్డుకు పోయే రోజు ఆయనే బస్టాండుకు వెళ్ళాడు. ఏలీయా ఇస్త్రీ చొక్కా వేసుకొని, తల నున్నగా దువ్వుకొని నిలబడి ఉన్నాడు.

"ఆడ డాక్టర్లు అడిగితే ఏం చెప్పల్ల సార్?"

"మనసు బాగుండాదని చెప్పప్పా. ఇంకేం చెప్పద్దు. నవ్వుతా చెప్పు. నా మాట ఇను."

ఏలీయాలో కోపం లేదు. లక్ష్మీపతి భరించలేకపోయింది అదే.

"బిడ్డ ఎప్పుడు పోయిందని అడుగుతారు కదా సార్. నాలుగు నెలలంటా. నాలుగు నెలలకే మనసు శానా బాగుండాదని నవ్వుతా చెప్తే, నన్ను నిజంగానే పిచ్చోడనుకోరా?"

బస్సు హారను కొట్టింది. ఏలీయా బస్సెక్కి, జవాబు కోసం మెట్టు మీదే నిలబడ్డాడు. కండక్టరు అతన్ని లోపలికి తోసి తలుపు వేశాడు.