పసుపు సాళ్లలో ఏరాళ్లు

గోడ దాకా వెళ్లి వెనక్కి తిరగ్గానే అంజవ్వ మళ్లీ అందుకుంది. "అక్కా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

వెనకాల వస్తున్న కమలవ్వ కాసేపు ఆలోచించింది. "గట్క."

"గట్క కాదు, అటుకులు. నేనే పెట్టిన. కాళ్లు ఎత్తకు, జర ఈడ్సు."

ఆర్మూర్ మార్కెట్ యార్డు వెనక ముకుంద్ సేటుకు బండలు పరిచిన కల్లం ఉంది. కొన్న పసుపులో తడి మిగిలితే అక్కడ ఆరబోస్తారు. అడుగున ఉన్న కొమ్ములకూ ఎండ తగలాలంటే మాటిమాటికీ తిరగెయ్యాలి. చేతులతో కాదు, కాళ్లతో. పాదాలు ఈడ్చుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడిస్తే కొమ్ములు పక్కకు దొర్లి, దున్నిన చేనులో లాగా సాళ్లు పడతాయి. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ అంజవ్వ పని ఇదే. మనిషి పొట్టి, నడుం కాస్త వంగింది, గొంతు మాత్రం కల్లమంతా వినిపిస్తుంది. పని మధ్యలో గోడ నీడకు కూర్చుని చుట్ట తాగుతుంది. మడమల పగుళ్లలో పసుపు ఇంకిపోయి, ఎంత రుద్ది కడిగినా ఆ కాళ్లు పెళ్లికూతురి కాళ్లే. ఆ మాట ఎవరైనా అంటే ఈ వయసులోనూ సిగ్గుపడుతుంది.

కమలవ్వ ఆమెకు ఏరాలు, భర్త అన్నగారి భార్య. ఇద్దరి భర్తలూ పోయారు. కమలవ్వ బతుకంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునే గడిచింది. కొడుకు దుబాయి వెళ్లాక ఆ చాట కూడా తీసేసి "ఇగ ఆరాం తీస్కో" అన్నారు. ఆ ఆరామే కొంప ముంచిందని అంజవ్వ వాదన. మొదట పొయ్యి మీద పాలు మరిచింది. తర్వాత కోడలు గంగమణి పేరు మరిచింది. ఒక సాయంత్రం ఇల్లే మరిచి అంకాపూర్ తొవ్వ పట్టింది.

దవాఖానలో డాక్టరు "నీ భర్త పేరేంటమ్మా?" అని అడిగితే కమలవ్వ తల దించుకుంది. డాక్టరు దిగులుగా చూశాడు. గంగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంజవ్వ మాత్రం పకపకా నవ్వింది.

"సారూ, మొగని పేరు మేం ఎన్నడన్న నోట్లెకెల్లి తీసినమా? సచ్చెదాంక తియ్యం. ఇంకేదన్న అడుగుండ్రి."

డాక్టరు కూడా నవ్వి, వేరేవి అడిగాడు. ఏ నెల, ఏ ఊరు, పొద్దున ఏం తిన్నావు. కమలవ్వ ఒక్కటీ సరిగా చెప్పలేకపోయింది. అంజవ్వ నవ్వు అక్కడ ఆగిపోయింది.

"రోజూ నడిపించండి" అన్నాడు డాక్టరు మందులు రాస్తూ. "నడక గుండెకే కాదు, మెదడుకూ మంచిది. పోయింది తిరిగొస్తుందని చెప్పలేను. ఉన్నది ఇంకొంత కాలం నిలవొచ్చు."

ఆ ఉన్నదే అంజవ్వకు కావాలి. తను కోడలిగా దిగిన రోజు, అత్త తిట్టినప్పుడు గడ్డివాము చాటున ఏడ్చిన రోజు, పురిట్లోనే పోయిన బిడ్డ మొహం, ఇవన్నీ చూసిన మనిషి ఇక కమలవ్వ ఒక్కతే. ఆమె కూడా మరిచిపోతే తను పడుచుదిగా ఉన్న సంగతి ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. అందుకే మర్నాటి నుంచే ఏరాలి చెయ్యి పట్టుకుని కల్లానికి లాక్కొచ్చింది.

"ఇది కల్లమా, దవాఖాననా?" అని ముకుంద్ సేటు విసుక్కున్నాడు.

"కూలి ఒక్కరికే ఇయ్యి సేటూ. కాళ్లు మాత్రం నాలుగు నడుస్తయ్. నీకేం నష్టం?" అంది అంజవ్వ. సేటుకు ఆ బేరం నచ్చింది.

పసుపు లేని నెలల్లో ఊరంతా తిప్పింది. తిప్పుతూ ప్రశ్నలతో ప్రాణం తీసింది. ఇప్పుడు కమలవ్వ గంగమణిని కొన్నాళ్లు పేరుతో పిలుస్తుంది, కొన్నాళ్లు పిలవదు. కానీ చారులో పులుపు తక్కువైందని మళ్లీ పోట్లాడుతోంది. ఆ పోట్లాట సంగతి గంగమణి సంతోషంగా పక్కింట్లో చెప్పుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. అంజవ్వ ఆ రోజు పెద్ద ప్రశ్నే వేసింది. "నేను కొత్త కోడలిగ వచ్చిన్నాడు ఏం లొల్లైంది అక్కా?"

కమలవ్వ పాదాలు ఈడ్చుకుంటూ సాలు చివరిదాకా నడిచింది. గోడ దగ్గర తిరిగి నిలబడింది.

"ఎడ్లబండి మీదికెల్లి దుంకినవ్. కాలు బెణికింది. నేనే ఎత్తుకొచ్చిన. మస్తు బరువుంటివి."

అంజవ్వ పసుపు మధ్యలో నిలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లన్నీ నవ్వువి కావు. ముఖం తుడుచుకుని, "జర కూసుంట అక్కా. గీ సాలు నువ్వు తీసి రా" అని గోడ నీడకు వెళ్లింది.

కమలవ్వ సాలు తీసి వచ్చింది. అంజవ్వ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. రెండుసార్లు పిలిచినా పలకలేదు. సేటు వచ్చేసరికి కమలవ్వ ఆ కాళ్లను ఒళ్లో పెట్టుకుని కొంగుతో పసుపు దులుపుతోంది.

అంజవ్వ అంత్యక్రియలు అయిన రాత్రి, "చిన్నత్త మోర్తాడ్ ఊరికి పోయింది, వస్తది" అని గంగమణి అత్తకు చెప్పింది. ఎలాగూ గుర్తుండదు, ఉత్తగా ఏడిపించడం ఎందుకు అనుకుంది. కమలవ్వ సరేనని తలూపింది.

దినాలు అయిన మర్నాడు లేచి చూస్తే మంచం ఖాళీ. గంగమణి అంకాపూర్ తొవ్వ వైపు ఉరికింది, బస్టాండు వెతికింది, చివరకు కల్లానికి వచ్చింది. కమలవ్వ ఒంటరిగా సాళ్లు తీస్తోంది.

"అత్తా! ఒక్కదానివే ఎట్లొచ్చినవ్?"

"రోజు వచ్చే తొవ్వనే గద." కమలవ్వ ఆగలేదు. "అంజి మోర్తాడ్ పోలే, గంగమణీ. సచ్చిపోయింది. మర్సిపోతె మంచిగుండు. యాదికున్నది."

కమలవ్వ గోడ దాకా వెళ్లి తిరిగింది.

"గా గోడ సందుల సూడు. అంజి తాగుదామని పెట్టుకున్నది. ఎవ్వల్నీ తియ్యనియ్యకు."

ఇటుకల మధ్య సందులో సగం కాలిన చుట్ట ఉంది, దాని మీద పసుపు వేళ్ల ముద్రలు ఇంకా చెదరలేదు.