కిష్టవ్వ బరువు

సిద్దిపేట సాలెవాడలో తెల్లారిందని ముందుగా ముక్కుకే తెలుస్తుంది. ఇంటింటా గంజి ఉడుకుతుంది. నిన్నటి గంజి కుండ అడుగున గడ్డకట్టి ఉంటే ఇన్ని ఉడుకునీళ్లు పోసి కట్టెతో తిప్పుతారు, మళ్లీ కొత్త గంజే. దాన్ని పడుగుకు పట్టించి ఎండకు ఆరబెడతారు. గడ్డకట్టిందని గంజి పారబోసిన కోడలు ఆ వాడలో బతికి బట్టకట్టింది లేదు.

కిష్టవ్వ పన్నెండో ఏట నుంచి ఆ కుండ తిప్పుతూనే ఉంది. ముప్ఫయ్యో ఏట మొగుడు పోతే, ఆడది మగ్గం గుంతలో దిగకూడదని కులపెద్దలు వచ్చి చెప్పారు. "మా ఇంట్ల పొయ్యి మీరొచ్చి ముట్టిస్తరా? ముట్టియ్యరు గద. జరుగున్రి మరి, నాకు వెలుతురు అడ్డమొస్తున్నది" అని గుంతలో దిగి కూర్చుంది. అత్త బాలవ్వ తలుపు చాటున నిలబడి నవ్విందే గాని కోడల్ని ఆపలేదు.

సిద్దిపేటలో సిగ్గుపడ్డ మనిషి బరువెక్కుతాడు. ఎండాకాలం చెమట పట్టినట్టే అదీను, దాన్ని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకున్నవాళ్లు లేరు. కల్లులో నీళ్లు కలిపి దొరికిపోయిన దుబ్బయ్య తాటిచెట్టు ఎక్కలేక నెలరోజులు చెట్టు మొదట్లోనే కూర్చున్నాడు. బండివాళ్లు మనిషి అడుగు వంక ఓసారి చూసేవాళ్లు, అది లోతుగా పడితే "నువ్వు నడిచి రా పెద్దమనిషీ, ఎడ్లు పాపం" అనేవాళ్లు. ఎందుకు బరువెక్కావని మాత్రం ఎవరూ అడగరు. అది మర్యాద. పది ఊళ్ల భూములు కలిపేసుకున్న పటేలుకు ఒక్కనాడూ బరువు రాలేదు. దూదిపింజలా నడిచేవాడు, వానాకాలం బురదలో కూడా ఆయన చెప్పులకు మట్టి అంటేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడాది సామేలు బేగంపేట నుంచి తిరిగొచ్చాడు. చర్చి రిజిస్టరులో అతని పేరు సామ్యూల్, ఊరికి సామేలు. అక్కడి విమానాల షెడ్డులో నాలుగేళ్లు విరిగిన చెక్క రెక్కలు బాగుచేసిన వడ్రంగి అతను. యుద్ధం పోగానే పనీ పోయింది. వస్తూ వస్తూ ఒక పాత మోటరు సైకిలు ఇంజనూ, సామాను పెట్టెలు పగలగొట్టి ఏరుకున్న తేలికపాటి సీమచెక్కా, మడతలు చిరిగిన ఒక విమానం నక్షా తెచ్చుకున్నాడు. చర్చి వెనక కొట్టంలో ఒక్క మనిషి కూర్చునే విమానం చేయడం మొదలుపెట్టాడు.

రెక్కలకు గుడ్డ కావాలని సాలెవాడకు వస్తే మగవాళ్లు నవ్వి పంపారు. కిష్టవ్వ ఒక్కతే మగ్గం ఆపింది.

"ఎంత దట్టంగ ఉండాలె తమ్మీ?"

"నోటితోని ఊదితే గాలి అవతల పడొద్దక్కా."

"నా చీర కొంగు ఊది సూడు. అయినంక మాట్లాడు."

గుడ్డ నేసిచ్చి ఊరుకోలేదు. రెక్క మీద తానే కుడతానంది. కుట్టడానికి పోయి, జిగురు పని కూడా తనకే కావాలంది. వెన్న తీసిన పాలను విరగ్గొట్టి, ఆ ముద్దను ఎండబెట్టి దంచి, సున్నం కలిపి నూరితే వచ్చే జిగురు అది. విమానాల చెక్కలన్నీ దానితోనే అతుకుతాయి. "గంజి కాసిన చెయ్యి నాది. గీ పాలజిగురు నాకొక లెక్కనా?" అంది. సామేలు సరేనన్నాడు. మూడు నెలల్లో రెక్కల పక్కటెముకలన్నీ ఆమె చేతి జిగురుతోనే నిలబడ్డాయి. ఊళ్లో ఎవరు కనబడినా ఆ సంగతి చెప్పకుండా వదిలేది కాదు.

ఆ రోజు ఎడమ రెక్క దూలం అతకాలి. రెక్కను ఈ కొస నుంచి ఆ కొసదాకా మోసేది ఆ దూలమే. అంత పొడుగు చెక్క దొరకక రెండు ముక్కల్ని ఏటవాలుగా చెక్కి పెట్టాడు సామేలు. పొద్దున్నే జిగురు కలిపి, "చక్రాల కోసం బెజ్జంకి పోతున్ననక్కా. ఎండ ఎక్కకముందే పూసి మరలు బిగియ్యి" అని నవ్వి పోయాడు.

కిష్టవ్వ చేతులు కడుక్కునే నీళ్ల కోసం బాయికి పోయింది. బాయి దగ్గర కొండవ్వ ఉంది. పక్కింటి ఆడది, కిష్టవ్వకు సరిజోడు నోరు.

"ఏమే కిష్టవ్వా, సామేలు కొట్టంల పాలు కాస్తున్నవంట? పాలు తాగుతదా గా మోటరు?"

"తాగుతది. నీ మొగని లెక్క తాగి మోరీల పడదు, పైకి లేస్తది."

"లేస్తది, లేస్తది. నా కోడి లేసినట్టు, గోడదాంక."

"నీ కోడి గోడ ఎక్కుతది, నువ్వు గోడ మీదికెళ్లి మా ఇంట్లకు తొంగిసూస్తవు. ఇద్దరికి గంతే ఎత్తు."

అక్కడితో ఆగలేదు. కిష్టవ్వ బిందె కింద పెట్టి కొంగు దోపింది. ఇటు తాతల నుంచి అటు మనవల దాకా ఎవర్నీ వదలకుండా తిట్టుకున్నారు. గెలిచిందనుకునే లోపల కొండవ్వ మరో మాట అనేది, దానికి జవాబియ్యకుండా రావడం కిష్టవ్వకు పుట్టుక నుంచీ చేతకాదు. కొట్టంలోకి తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. డబ్బాలో జిగురు జున్నులా గడ్డకట్టింది.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిజానికి ఆలోచించాల్సిందేదో ఉందని ఆమెకు తెలియదు. పొయ్యి మీద నీళ్లు కాచి, డబ్బాలో పోసి కట్టెతో తిప్పింది. చక్కగా జారింది. రెండు ముఖాలకూ పూసి, మరలు బిగించింది.

మాపటికి సామేలు వచ్చి, "పూసినవా అక్కా?" అన్నాడు.

"పూసిన. ఎండ ఎక్కకముందే పూసిన" అంది. చివరి మాట ఎందుకందో ఆమెకే తెలియదు. ఆలస్యమైందని చెబితే కొండవ్వతో జగడం చెప్పాలి.

రెండు నెలలు గడిచాయి. రెక్కలకు గుడ్డ తొడిగారు, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టారు, అవిసెనూనె రుద్దారు. వేలితో కొడితే డప్పులా మోగింది. కిష్టవ్వ ఎడమ రెక్క మీద వదులైన కుట్లు మళ్లీ వేస్తోంది. సామేలు మక్కకంకి గింజలు ఒలుచుకుంటూ బేగంపేట కబుర్లు చెబుతున్నాడు.

"గొప్ప చాదస్తం సాబు ఉండెనక్కా. బకీటు నిండ జిగురు గడ్డకట్టింది. ఇన్ని నీళ్లు పోసి తిప్పుదమంటి. నా చెవి మెలేసిండు. ఒక్కసారి గడ్డకట్టినంక దాని పానం పోయినట్టే, నీళ్లు పోస్తే జారుతది గని పట్టదు, పట్టినట్టు కనబడి గాల్ల మోసం చేస్తది అని బకీటు మొత్తం బయట పారబోయించిండు."

కిష్టవ్వ సూది ఆగింది. సరిగ్గా ఆ అతుకు మీదే ఉంది ఆమె చెయ్యి. గుడ్డ కింద అది వేళ్లకు తగులుతోంది. చెప్పాలని నోరు తెరిచింది. "నీ కంకి గింజలు రెక్క మీద పడుతున్నయి, అవతలకు పోయి తిను" అని అరిచింది.

లేచి నిలబడేసరికి కూర్చున్న పీట పగిలింది.

ఆ దినం నుంచి బరువు పెరుగుతూనే పోయింది. మగ్గం తొక్కుడుపలక విరిగింది. కొత్తది వేయించింది, అదీ విరిగింది. నులకమంచం నేలకు తాకితే బాలవ్వ మారు మాట్లాడకుండా నులక బిగించి కట్టింది, మర్నాడు మళ్లీ బిగించింది. మూడోనాడు మాత్రం, "కొడుకు పోయిన దుఃఖం నేను మోసిన. దానికి గూడ గింత తూకం లేకుండెనే" అంది కోడలి మొహం చూడకుండా. మట్టినేల మీద కిష్టవ్వ నడిచినచోటల్లా గుంటలు పడేవి. కొండవ్వ ఆ గుంటలు చూసి నోటికొచ్చిన మాటను మింగి తల తిప్పుకుంది. ఆ మర్యాద కిష్టవ్వకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

మూడుసార్లు చెప్పబోయింది. మొదటిసారి చర్చికి వచ్చినవాళ్లున్నారు. రెండోసారి ఎవరూ లేరు, కానీ సామేలే "అక్కా, నువ్వు లేకుంటే గిది నిలబడకపోవు" అన్నాడు. ఆ మాట విన్నాక ఎట్లా చెబుతుంది? మూడోసారి నోరు తెరిస్తే సున్నం నాసిరకందని తిట్లు వచ్చాయి. బతుకంతా ఆమెకు అన్నం పెట్టిన నాలుక, కావలసిననాడు మొద్దుబారింది. సామేలు ఆమె అడుగుల వంక చూసేవాడు. చూసి పనిలో పడేవాడు.

హోళీ పోయిన వారం విమానాన్ని బండి మీద కట్టుకొని నారాయణరావుపేట దారిలోని చౌటినేలకు తీసుకుపోయారు. గడ్డిపోచ మొలవని చదును నేల, పరుగుకు అడ్డం లేదు. ఏ బండీ ఎక్కించుకోనందున కిష్టవ్వ నడిచే వచ్చింది. జనం జాతరకొచ్చినట్టు వచ్చారు. సామేలు పెండ్లాం అమృతమ్మ చంటిదాన్ని చంకనేసుకొని ఎదురొచ్చింది. "అందరు నన్ను బెదిరిస్తున్నరు వదినా. నువ్వు అతికిందేనాయె గద, నాకేం భయం లేదు" అంది.

కిష్టవ్వ కాళ్లు మడమల దాకా దిగిపోయాయి.

సామేలు కళ్లు మూసుకొని ప్రార్థన చేశాడు. తీగలు లాగి చూశాడు. కూర్చున్నాడు. దుబ్బయ్య ముందున్న చెక్క పంకాను తిప్పగా ఇంజను దగ్గి అందుకుంది.

"తమ్మీ!" అంది కిష్టవ్వ.

"ఏందక్కా?"

"చక్రాలల్ల గాలి సూసినవా?"

"సూసిన!"

అతను నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. ఆమెకు ఇక మాటలతో పని అయ్యేది కాదని తెలిసిపోయింది. గుంటల్లోంచి ఒక్కో కాలూ పీకి నడిచి, ఎడమ రెక్క దగ్గరికి పోయి, చీర ఎగదోపి, దూలం మీదుగా ఆ అతుకు అవతలి వైపు ఎక్కి కూర్చుంది.

జనం గొల్లుమన్నారు. "పల్లకి ఎక్కింది సూడు పెండ్లిబిడ్డ!" అన్నారెవరో. సామేలు ఇంజను ఆపి, "దిగక్కా! గుడ్డ చినుగుతది!" అని అరిచాడు. ఆమె దిగలేదు. రెక్క వంగింది గాని విరగలేదు, ఆమె బరువును ఇంకా మోస్తూనే ఉంది. కిష్టవ్వ కళ్లు మూసుకుంది. ఇంకా బరువెక్కాలంటే జిగురు సంగతి కాదు తలుచుకోవాల్సింది, అది తెలియక చేసింది. తెలిసిన తర్వాతి దినాలను ఒక్కొక్కటే తలుచుకుంది. సామేలు పిల్లలు రెక్క కింద ఆడుకున్న దినం. బాలవ్వ నులక కట్టిన దినం. ఇది ఎగిరి పడితే ఇంజనుదే తప్పంటారులే అని తాను అనుకున్న ఆ ఒక్క దినం. దాన్ని తలుచుకోవడానికి భయపడింది. తలుచుకుంది.

టప్పుమంది. రెక్క సగానికి విరిగి, కిష్టవ్వ చౌటినేల మీద పడింది.

నవ్వులు ఆగిపోయాయి. సామేలు దిగొచ్చి, చాకుతో గుడ్డ కోసి, విరిగిన చోట వేలు పెట్టాడు. చెక్క ఎక్కడా చీలలేదు. రెండు ముఖాలూ నున్నగా విడిపోయాయి, మధ్యలో పసుపుపచ్చని పొక్కు. అది గోటితో గీకితే పిండిలా రాలింది. అతనికి చెప్పాల్సిన పని లేదు. అయినా ఆమె చెప్పింది, నేల మీద కూర్చునే, అందరూ వినేటట్టు.

"గడ్డకట్టింది. ఉడుకునీళ్లు పోసి తిప్పిన. నువ్వు సాబు ముచ్చట చెప్పిన దినం నుంచి నాకు ఎరుకే. నోరు రాలె."

అమృతమ్మ చంటిదాన్ని గుండెకు అదుముకొని ఆమె వంక చూసింది, చూసి బండి వైపు వెళ్లిపోయింది. ఆ చూపు కిష్టవ్వ చచ్చేదాకా మరువలేదు.

అప్పుడు చూసింది కిష్టవ్వ, సామేలు బూట్లు తాళ్ల దాకా నేలలో దిగి ఉన్నాయి.

"జిగురు కలిపిన ప్రతిసారి చిన్న ముక్క అతికి మర్నాడు ఇరిసి సూడాలె" అన్నాడు అతను గొంతు తగ్గించి. "బేగంపేటల గదే కాయిదా. ఆ దినం చక్రాలు దొరికిన సంబురంల సూడలె. అయినంక నీ అడుగులు సూసిన. అడిగితే పని ఆగుతదని అడగలె."

ఇద్దరూ నడిచే ఇంటికి పోయారు. ఎడ్లు వాళ్లను లాగలేకపోయాయి.

వానలు పోయి, చలి ముదిరినాక కొత్త దూలంతో అదే నేల మీద విమానం మళ్లీ నిలబడింది. మొదటిసారి వచ్చినంత జనం రాలేదు. అమృతమ్మ రాలేదు. జిగురు కాచింది కిష్టవ్వే, సామేలే కావాలని కాయించాడు. గడ్డకట్టినవి రెండు డబ్బాలు ఆమె చేతులతోనే గోడవతల పారబోసింది. ముక్కలు అతికి, విరిచి, చెక్క చీలిందని ఒకరికొకరు చూపించుకున్నారు. అయినా సామేలు సీటులో కూర్చోలేదు. రెక్క పక్కన నిలబడి ఆమెకు చెయ్యి అందించాడు.

కిష్టవ్వ ఎక్కి కూర్చుంది. ఇప్పుడామె అడుగులు అందరి అడుగుల్లాగే పడుతున్నాయి, మంచం మోస్తోంది, మగ్గం ఆడుతోంది. బరువు కావాలంటే పాత దినాల్లో వెతుక్కోవాల్సిందే. కళ్లు మూసుకుంది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత మెల్లగా రెక్క వంగింది, ఇంకా వంగింది, చక్రాలు చౌటిలో జానెడు దిగాయి. చెక్క కిర్రుమనలేదు. దుబ్బయ్య పంకా పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. పొద్దు పైకెక్కుతోంది, గాలి ఇంకా లేవలేదు, ఎగరడానికి అదే సమయం.

"పట్టిందక్కా. ఇగ చాలు, దిగు" అన్నాడు సామేలు.

"ఆగు తమ్మీ" అంది కిష్టవ్వ కళ్లు తెరవకుండా. "ఇంకా మొత్తం యాదికి రాలె."