బిగించినవాడి గీత

ఆ షెడ్డుకు వచ్చేవాళ్ళు అన్నదమ్ములిద్దరినీ పేర్లతో పిలవడం మానేసి పదిహేనేళ్ళయింది. అన్న పెద్దపానా, తమ్ముడు చిన్నపానా. అన్న పోయి నాలుగు నెలలైనా తమ్ముడింకా చిన్నపానాయే. పెద్దరికం ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

ఆ నాలుగు నెలలనుంచీ అతను వేరే బండి ముట్టుకోలేదు. షెడ్డు మధ్యలో నాలుగు దిమ్మెల మీద నిలబెట్టిన పాత జీపొక్కటే అతని పని. నాలుగు చక్రాలూ లాగే రకం, వయసులో అతనికంటే రెండేళ్ళు చిన్నది. పెద్దపానా దాన్ని తుక్కు కింద తెచ్చి, తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని కొండదారులకు పనికొచ్చేలా మార్చాడు. చక్రాల మీద బండి బరువు మోసే కమానులకు ఒక్కో పట్టీ అదనంగా వేసి రెండంగుళాలు ఎత్తు లేపారు. వాగులో దిగితే ఇంజను నీళ్ళు మింగకుండా గాలిగొట్టాన్ని టాపు దాకా లాగారు. బురదలో దిగబడితే చెట్టుకు కట్టి లాక్కోవడానికి ముందు బంపరుకు తాడుచక్రం బిగించారు. ఇన్ని చేసుకున్న బండిలోనే పెద్దపానా అకాలవాన తెరిపిచ్చిన ఒక పొద్దున కొండ ఎక్కుతూ, మలుపులో బండితో సహా వాగులోకి దొర్లిపోయాడు. వచ్చి చూసిన ఇన్‌స్పెక్టరు, రోడ్డు అంచు విరిగిందని రాసుకుపోయాడు. అందరూ అదే నమ్మారు.

చిన్నపానా నమ్మలేదు. నమ్మకపోవడానికి అతని దగ్గర మూడు బోల్టులున్నాయి.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. ముఖ్యమైన బోల్టు ఏది బిగించినా, పని అయ్యాక నట్టు మీదనుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక పెయింటు గీత గియ్యాలి. నట్టు ఏ కాస్త కదిలినా గీత విరుగుతుంది. బండి తీసేవాడు వంగి చూసుకుంటే చాలు. బిగించినవాడే గియ్యాలి, ఎవడి రంగు వాడిది. పెద్దపానాది ఎరుపు, చిన్నపానాది పసుపు. "తిట్టాలంటే మనిషి దొరకాలి కదరా," అంటూ ఈ పద్ధతి పెట్టింది పెద్దపానాయే.

అన్న కొండెక్కడానికి ముందురోజు సాయంత్రం, స్టీరింగు పెట్టెను ఛాసిస్‌కు పట్టి ఉంచే మూడు బోల్టులు చిన్నపానా ఎక్కించాడు. అవి వదులైతే చేతిలో స్టీరింగు తిరుగుతుంది గానీ కింద చక్రాలు ఆ మేరకు తిరగవు. పొట్టి పానాతో నట్లను అంటీ అంటనట్టు బిగించాడు. ఆ తర్వాత పొడుగు పానాకు పైపు తొడిగి బలమంతా పెట్టి బిగించాలి. కానీ పొట్టి పానా కింద పెట్టిన చెయ్యి, అలవాటు కొద్దీ, కుంచె అందుకుంది. మూడింటికీ మూడు పసుపు గీతలు చక్కగా పడ్డాయి. పడ్డాక నాలిక కరుచుకుని, పైపు తెచ్చి బిగించి మళ్ళీ గీద్దామని బయటికొచ్చాడు. బయట బ్రేకులు పట్టని ట్యాంకరొకటి వచ్చి నిలబడి ఉంది. దాని కింద దూరాడు.

పొద్దున లేచి, జీపు ఉండాల్సిన చోట నూనె మరక చూశాక గుర్తొచ్చింది. ఫోను చేశాడు. కొండ మీద ఫోను పలకదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్నను తీసుకెళ్ళిన రోజున కూడా కళ్ళు తడి కాలేదు. గట్టివాడని కొందరు, రాయని కొందరు అనుకున్నారు. ఆసుపత్రిలో ఇచ్చిన చొక్కాను వదిన ఉతికి దండెం మీద వేస్తే, మోచేతి దగ్గర ఎర్ర మరక అలాగే ఉంది. అతను దాని కింద నుంచే వంగి వెళ్ళి షెడ్డు తాళం తీశాడు.

అప్పట్నుంచీ ఇంజను విప్పి కట్టాడు. ఇరుసులు సరిచేయించాడు, కమానుల బుష్షులు మార్చాడు, సొట్టలు తీశాడు. విరిగిన స్టీరింగు కడ్డీలకు కొత్తవి తెచ్చి గోడకు ఆనించి పెట్టాడు, బిగించలేదు. స్టీరింగు పెట్టె చుట్టూ వాగు బురద గడ్డకట్టి, అరచెయ్యంత మందాన అలాగే ఉంది. ఆ బురద కింద తన పసుపు గీతలున్నాయి. అవి విరిగి ఉంటే అన్నను చంపింది రోడ్డు కాదు. ఆ మూల తప్ప బండంతా తళతళలాడుతోంది.

షెడ్డు పక్కనే వెల్డింగు చేసే ముసలాయన్ని అందరూ బాబాయ్ అంటారు. బండి దొర్లినా మనిషి నలగకుండా సీటు చుట్టూ ఇనప గొట్టాల చట్రం కట్టడానికి ఆ మధ్యాహ్నం ఆయనే వచ్చాడు.

"ఏరా, నాలుగు నెలలు ఒకే బండా? విమానం కడుతున్నావేంట్రా?"

"అయిపోతుంది బాబాయ్."

"మీ అన్నయితే ఈపాటికి దీన్ని రెండుసార్లు విప్పి, నాలుగుసార్లు తిట్టి రోడ్డెక్కించేవాడు. కింద దూరే పని మాత్రం నీకే అంటగట్టేవాడనుకో. ఆ పొట్టతో ఏనాడైనా బండి కింద పట్టాడా? చక్రం సందులోంచి చెయ్యి పెట్టి తడుముకునేవాడు, ఆవు చూలుతో ఉందా లేదా అని మీ వదిన చూసినట్టు."

చిన్నపానా గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. నవ్వాల్సిన చోటని తెలిసింది. నవ్వు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఈ చట్రమేదో అప్పుడే ఉండుంటే..." అని బాబాయ్ ఆగి, గబగబా ముఖానికి అద్దం అడ్డం పెట్టుకుని నిప్పు రాజేశాడు.

గొట్టం జారి చిన్నపానా బొటనవేలి మీద పడింది.

"నెత్తురొస్తోంది కదరా."

"అవునా," అని వేలు చూసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

బాబాయ్ పని ముగించి, చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసి, సామాను సర్దుకుని వెళ్ళాడు. అప్పుడే వదిన వచ్చింది. ఆవిడ పశువుల డాక్టరమ్మ. భర్త పోయిన పదిహేనో రోజునే డ్యూటీలో చేరింది. ఆవిడ చేతిలో క్యారియరు ఉంది.

"పొద్దుటిది తిన్నావా?"

"తిన్నాను వదినా."

"ఏం తిన్నావు?"

అతను ఆలోచించాడు. ఎంతకీ గుర్తు రాలేదు.

"మూత కూడా తియ్యలేదులే, బల్ల మీదే ఉంది," అంది వదిన. క్యారియరు దించి బండి చుట్టూ తిరిగింది. వెనక మందులపెట్టెకు కట్టిన బెల్టు లాగి చూసింది. "ఎల్లుండి కొండ మీద మూడు మందలకు టీకాలు వెయ్యాలి. వానలు మొదలైతే రెండు నెలలు ఎవరూ ఎక్కలేరు. బండి ఇస్తావా, లేక నన్ను గాడిదనెక్కి వెళ్ళమంటావా?"

"ఎవరు నడుపుతారు?"

"గాడిదనా?"

"బండి."

"నేనే. మీ అన్న పక్కన కూర్చుని ఆరేళ్ళు తిట్లు తిని నేర్చుకున్నాను. ఊరికే పోతాయా?"

చిన్నపానా తల ఊపాడు. గోడకు ఆనించిన కడ్డీల వైపు చూశాడు. ఎల్లుండి ఈ స్టీరింగు పట్టుకునేది వదిన. ఇక దాటవేయడానికి మిగిలిన పనేదీ లేదు. గీకుడు రేకు తీసుకుని బండి కింద దూరాడు.

బురద పెళ్ళలుగా ఊడి ఛాతీ మీద పడింది. చేతిదీపం దగ్గరికి లాక్కుని, గుడ్డకు డీజిలు అద్ది తుడిచాడు. మొదటి నట్టు తేలింది. నట్టు మీద పసుపు ముక్క ఒకచోట ఉంది. ఛాసిస్ మీద దాని జత ముక్క ఇంకోచోట ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మూడు నట్లూ కదిలాయి. మూడు గీతలూ విరిగాయి.

గుండె ఆగుతుందేమోనని ఎదురుచూశాడు. ఆగలేదు. ఎక్కడో ఆయిల్ డబ్బాలో చుక్క పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"వదినా."

"ఊఁ."

"ఆ రోజు నేను బిగించలేదు."

వదిన పాదాలు చక్రం పక్కకు వచ్చి ఆగాయి. "ఏంటి?"

"స్టీరింగు పెట్టె బోల్టులు. బిగించకుండానే గీతలు గీశాను. ట్యాంకరు వస్తే అటు వెళ్ళాను, మర్చిపోయాను. అన్న నా గీతలు చూసి, బిగించే ఉన్నాయనుకుని తీసుకెళ్ళుంటాడు. ఇప్పుడు చూస్తే మూడూ కదిలున్నాయి." గుడ్డ పక్కన పెట్టి, "రోడ్డు కాదు వదినా," అన్నాడు.

 వదిన మోకాళ్ళ మీద కూలబడి, చక్రం సందులోంచి లోపలికి చెయ్యి చాచింది. ఆవుల కడుపులో చెయ్యి పెట్టి చూసే మనిషి, వేళ్ళతోనే వెతుక్కుంటూ నట్టు పట్టుకుంది.

"ఇదేనా?"

"ఆఁ."

"వదులుగా లేదు."

"చేతికి తెలీదు."

"పానా పెట్టు మరి."

అతను పానా పెట్టి లాగాడు. కదల్లేదు. రెండు చేతులా లాగాడు. భుజం పట్టేసింది గానీ నట్టు కదల్లేదు. రెండోది కదల్లేదు. మూడోదీ కదల్లేదు.

"ఆ గుడ్డ ఇలా ఇవ్వు. దీపం కూడా," అంది వదిన. ఆవిడ వైపు బురద ఇంకా అలాగే ఉంది. తుడుస్తూ తుడుస్తూ చెయ్యి ఆపింది.

"చిన్నోడా, నీ రంగు పసుపు కదూ?"

"ఆఁ."

"మరి ఇటువైపు ఎరుపేంటి?"

అతను దొర్లుకుంటూ బయటికొచ్చి, వదిన పక్కన పడుకుని చూశాడు. మూడు నట్ల మీదనుంచీ ఛాసిస్ మీదికి మూడు ఎర్ర గీతలు. చక్రం సందులోంచి చెయ్యి పెట్టి గీసినవి కాబట్టి కాస్త వంకర. ఎక్కడా విరగలేదు. నట్లు కదిలింది వదులై కాదు. అన్న వాటిని బిగించాడు, పసుపు గీత అప్పుడు విరిగింది.

"ఆసుపత్రిలో ఇచ్చిన చొక్కా, ఆ మోచేతి మరక," అంది వదిన. "కిరోసిను పెట్టి రుద్దినా పోలేదు. నెత్తురైతే సబ్బుకే పోయేది."

చిన్నపానా ఒక ఎర్ర గీతను వేలితో తడిమాడు.

"నీ వెనకాల ఎప్పుడూ చూసుకునేవాడు," అంది వదిన. "నువ్వు పడుకున్నాక వచ్చి, నువ్వు చేసిన ప్రతిదానికీ ఒకసారి పానా పెట్టేవాడు. నాతో చెప్పి, నీకు మాత్రం చెప్పొద్దనేవాడు. తెలిస్తే వాడి చెయ్యి జంకుతుందనేవాడు."

"ఎన్ని దొరికాయి?"

"లెక్క చెప్పలేదు. దొరికిన పొద్దున మాత్రం నిన్ను తిట్టేవాడు కాదు. మిగతా రోజులన్నీ తిట్టేవాడు."

ఆ పొద్దున అన్న తనను లేపి తిట్టకుండానే వెళ్ళిపోయాడని చిన్నపానాకు గుర్తొచ్చింది. అంటే రోడ్డే. ఇన్‌స్పెక్టరు రాసిందే నిజం. నాలుగు నెలలు మోసిన బరువు దిగినట్టు ఉండాలి. ఉందా అని లోపల వెతుక్కున్నాడు. భుజం నొప్పి ఒక్కటే తగిలింది. నలిగిన బొటనవేలు కూడా అప్పుడే సలపడం మొదలుపెట్టింది.

"ఇంతకీ బండి నడుస్తుందా?" అంది వదిన.

"పెట్టె విప్పాలి. అంత దెబ్బ తిన్నాక లోపల చూడకుండా ఇవ్వకూడదు."

"విప్పితే ఇవి పోతాయిగా."

"పోతాయి."

వదిన ఎర్ర గీతల మీద దీపం ఇంకొంచెంసేపు ఉంచింది. తర్వాత లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది.

"విప్పు," అంది.

పొడుగు పానాకు పైపు తొడిగి, ఊపిరి బిగబట్టి తోశాడు. అన్న బలంతో బిగిసిన నట్టు మూడోసారి గానీ లొంగలేదు. టక్కుమని చప్పుడై మొదటి గీత విరిగింది. మిగతా రెండూ ఒకదాని వెనక ఒకటి విరిగాయి. పెట్టె దించి, మూత తీసి చూశాడు. పళ్ళు బాగానే ఉన్నాయి, ఒక బేరింగు మాత్రం పగిలింది. బేరింగు మార్చి, కొత్త గ్రీజు నింపి మళ్ళీ ఎక్కించేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ముందు పొట్టి పానాతో, తర్వాత పైపు తొడిగి బిగించాడు. కడ్డీలు కలిపాడు.

వదిన డ్యూటీనుంచి వచ్చి, గుమ్మంలోనే చెప్పులు విడిచి, చెయ్యి చాచింది. పొడుగు పానా అందించాడు. చక్రం సందులో కూర్చుని మూడింటికీ పానా పెట్టి, కాలు దన్నిపెట్టి లాగింది. మూడింటిలో ఏదీ కదల్లేదు.

"ఇక గియ్యి," అంది.

పసుపు డబ్బా మూత తీశాడు. పైన తెట్టు కట్టింది. దాన్ని పుల్లతో తీసి పారేసి, కుంచె ముంచి కింద దూరాడు.