నలభై ఎనిమిది కాజాలు

“కాజాలు కుట్టుడు గూడ ఒక పనేనా, కూసున్నకాడ అయ్యేదే గదా!” మా అత్త నాగమణమ్మ ఈ మాట అననిదే మా ఇంట్లో పొద్దు గడవదు. నిజమే, కూర్చున్న చోటే అవుతుంది, కూర్చోనిస్తే. అన్నం ఉడికేలోపు రెండు, పిల్ల పాలు తాగేలోపు ఒకటి, అత్త కాళ్ళు నొక్కాక మూడు. గుండీ పట్టే ఆ చిన్న చీలిక చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. ఒక్క ముడి వదులైనా అంగీ వాపసు వస్తుంది. జర్మనీతో యుద్ధం మొదలైనప్పటి నుంచి లాల్‌దర్వాజాలో బట్టలు కుట్టే మా మేరోళ్ళ ఇళ్ళన్నీ సిపాయిల ఖాకీ అంగీలతో నిండిపోయాయి. సర్కారు దగ్గర గుత్త పట్టిన ఠేకేదారు గుడ్డ కత్తిరించి పంపుతాడు. మా ఆయన ఈశ్వరయ్య మిషన్ మీద కుడతాడు. కాజాలూ గుండీలూ నావి, అంగీకి పన్నెండు చొప్పున. అయినా ఇంటికొచ్చిన వాళ్ళు పలకరిస్తే ఆయన “అంగీలు కుడుతున్న” అంటాడు, నన్ను చూపించి “ఇది ఇంట్లనే ఉంటది” అంటాడు. పదకొండేళ్ళుగా నేను ఇంట్లోనే ఉన్నాను!

ఆ సంవత్సరం దర్జీలంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. శుక్రవారం, జుమ్మా నాడు, ఠేకేదారు గోదాము మూసి ఉంటుంది గనుక, ఆ పొద్దు మా వాకిట్లో చట్టాలు చెప్పే ఖానూన్ క్లాసు. ఆనందరావు అనే వకీలు సైదాబాద్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, చాప మీద కూర్చుని, కూలి చేసే మజ్దూరుకు ఏ హక్కులున్నాయో, ఏవి ఇంకా కొట్లాడి తెచ్చుకోవాలో చెప్పేవాడు. ఇరవై మందికి చాయ్ నేనే కాచాలి. మొదటి వారం విసుక్కున్నాను. రెండో వారం తలుపు వెనక నిలబడ్డాను. మూడో వారానికి చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయినా నాకు సోయి లేదు. “మనిషి ఎనిమిది గంటలు పనిజేయాలె. తక్కిన పొద్దంత ఆ మనిషిదే” అన్నాడాయన ఆ రోజు. తక్కిన పొద్దంతా నాదే అయితే ఏం చేస్తాను? చాంద్రాయణగుట్టలో ఉన్న మా అక్క దగ్గరికి నడుచుకుంటూ వెళ్తాను. పగటి పూట పడుకుంటాను. అచ్చంగా ఏమీ చేయకుండా గడప మీద కూర్చుంటాను! వారమంతా అదే ధ్యాస. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని, పెళ్ళి చూపులకు కూడా అంత ఎదురుచూడలేదు నేను.

సంఘం తరఫున సర్కారుకు దర్ఖాస్తు రాసే రోజు రానే వచ్చింది. మర్నాడు దాన్ని మజ్దూర్ల దఫ్తర్‌లో అధికారికి ఇవ్వాలి. ఠేకేదారు రోజుకు ఆరు అంగీలు కావాలని లొల్లి పెడుతున్నాడు. న్యాయంగా ఎన్ని కుట్టాలో, ఎంత కూలి రావాలో ఆ కాగితం తేల్చాలి. “ఒక్క అంగీకి ఎంతసేపు పడ్తది?” అని అడిగాడు వకీలు. “రెండు గంటలు” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. “ఐతే ఎనిమిది గంటలకు నాలుగు అంగీలు. ఒక్క మనిషి పని, ఒక్క మనిషి కూలి” అంటూ ఆయన రాయసాగాడు. చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఈశ్వరయ్యే.

చాయ్ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడిపోయాను. నాలుగు అంగీలంటే నలభై ఎనిమిది కాజాలు. అవి వాళ్ళ రెండు గంటల్లో ఎక్కడున్నాయి? వీళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. మిషన్ ఆగితే అంగీ అయిపోయిందనే వీళ్ళ లెక్క. మిగతాది లోపల దానంతటదే అయిపోతుంది, తెల్లారేసరికి ముగ్గు పడి ఉన్నట్టు. రేపు అధికారి దీని మీద దస్తఖత్ పెడితే, ఈశ్వరయ్యకు ఎనిమిది గంటలు దక్కుతాయి. నాకు? సంబరమూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి.

“వకీల్ సాబ్, గా అంగీలకు గుండీలు ఎట్ల పడ్తయ్?” అన్నాను.

నవ్వులు. “ఏమే, గ్లాసులు ఆడ వెట్టి లోపటికి నడువు” అన్నాడు ఈశ్వరయ్య. వకీలు మాత్రం కలం ఆపి “చెప్పమ్మా” అన్నాడు.

“నోటితోని ఏం జెప్తా? గడియారం దీయుండ్రి” అన్నాను.

ఆయన జేబుగడియారం తీశాడు. నేను చాప చివర కూర్చుని ఒక అంగీ ఒళ్ళోకి లాక్కున్నాను. సూది దానంతటదే నడిచింది. ఇరవై మంది మగవాళ్ళు ఊపిరి బిగబట్టి నా వేళ్ళ వంక చూస్తున్నారు. పదకొండేళ్ళుగా ఆ వేళ్ళను ఎవరూ చూడలేదు. నాకు పాట పాడాలనిపించింది! ఒక్క కాజా కుట్టి దారం తెంపేసరికి పది నిమిషాలు. వకీలు కాగితం అంచున లెక్క వేసి తలెత్తాడు. “నలభై ఎనిమిదికి ఎనిమిది గంటలు. ఈశ్వరయ్యా, ఇది ఒక్క మనిషి పని గాదు, ఇద్దరిది. ఇద్దరి కూలి అడగాలె. కానీ కాజాలు కుట్టేటామె ఈ మాట అధికారి ముందర వచ్చి చెప్పాలె.”

“నేను జెప్త సాబ్. ఆడోళ్ళ పేర్లు దఫ్తర్లకెక్కితే మాకు ఇజ్జత్ ఏముంటది?” అన్నాడు ఈశ్వరయ్య.

“ఒక్క కాజా కుట్టి చూపియ్యమంటే చూపిస్తవా?” అన్నాడు వకీలు.

పొరుగింటి సక్కుబాయి గోడ మీంచి తల పెట్టి, “మా ఇంట్ల గూడ నేనే కుడ్త, నా పేరు రాయుండ్రి!” అని కేక పెట్టింది. ఆ వెనక ఇంకో గొంతు, ఇంకోటి. అత్త తలుపు దగ్గర నిలబడి, కుట్టీ కుట్టీ గట్టిపడ్డ తన వేలికొసను తడుముకుంటూ ఉండిపోయింది. వకీలు పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాడు. ‘రాజమణి, కాజాలు కుట్టే మజ్దూర్’ అని చదివి వినిపించి సిరా పూసిన దూది అందించాడు. నేను వేలిముద్ర వేశాను. చదువు రానందుకు ఆ ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, అంతే.

అందరూ వెళ్ళాక ఈశ్వరయ్య మిషన్ ముందు కూర్చున్నాడు. నేను పొద్దున కట్టుకోవాల్సిన చీర మడత విప్పి చూసుకుంటున్నాను.

“నువ్వు రేపు దఫ్తర్‌కు పోతే, మాపటికి ఇయ్యాల్సిన నాలుగు అంగీలకు కాజాలు ఎవలు కుట్టాలె?” అన్నాడు.

కాజాలు ఎవరో ఒకరు కుడితేనే అవుతాయని ఆయన ఒప్పుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సూదిలో దారం ఎక్కించి ఆయన చేతికిచ్చాను.

“దర్జీవి గదా, నువ్వే కుట్టు.”