ముప్పై మూడా, నలభై ఐదా

మా అన్నయ్య డంకన్ పాడే 'మార్బుల్ విడోస్' బృందం రెండో రికార్డు మీద సంగీత పత్రికలో సమీక్ష వచ్చింది. "పాట పెట్టి, టీ కాచుకుని వచ్చాను. గాయకుడు ఇంకా మొదటి మాట మీదే ఉన్నాడు" అని రాశాడు విమర్శకుడు. శవపేటిక కూడా ఇంతకంటే హుషారుగా ఉంటుందట.

బృందం వేషంలో భాగంగా రోజూ కళ్లకు పెట్టుకునే కాటుకని అన్నయ్య మానేశాడు. మా ఇంట్లో అంతకు మించిన శోకం లేదు. శనివారం లీడ్స్‌లో కచేరీ కాగానే బృందం వదిలేసి తివాచీల మిల్లులో చేరతానన్నాడు. "జనం గంతులెయ్యాలని చేశామే అది. నెమ్మదంటాడేంటి వాడు?" అన్నాడు నాతో, టోస్టు మీద చల్లారిన బీన్స్‌ని ఫోర్కుతో గుచ్చుతూ. మిల్లు క్యాంటీన్లో భోజనం బాగుంటుందని అమ్మ ఓదార్చింది.

ఆ రికార్డంటే నాకు ప్రాణం. ఎవరైనా కొంటున్నారేమో చూద్దామని శుక్రవారం బడి వదలగానే బస్సెక్కి లీడ్స్‌లోని రికార్డుల దుకాణానికి వెళ్లాను. లోపల నల్ల లేసు బట్టల గుంపొకటి కళ్లు మూసుకుని మెల్లగా ఊగుతోంది. స్పీకర్లలోంచి నూతిలో పడ్డ ఎద్దు మూలుగు వినిపిస్తోంది. అది అన్నయ్య పాటేనని పల్లవి సగమయ్యాక గానీ పోల్చుకోలేకపోయాను. గబుక్కున ప్లేయర్ వైపు చూశాను. వేగం మీట నిమిషానికి ముప్పై మూడు చుట్ల మీద ఉంది.

ఇంట్లో మేం దాన్ని నలభై ఐదులో వింటాం. మోత గట్టిగా రావాలని కంపెనీవాళ్లు ఆ వేగానికే తయారు చేసి, లేబుల్ మీద అంకె వెయ్యడం మరిచిపోయారు. పెద్ద రికార్డంటే ముప్పై మూడే కదా అని అందరూ అలాగే పెట్టుకున్నారు, విమర్శకుడితో సహా.

అడిగే ధైర్యం లేక మీట నేనే జరిపేశాను. పాట ఒక్కసారిగా లేచి పరుగెత్తింది.

"ఈ ఉడత గొంతు పెట్టిందెవరే?" అంది మొహానికి తెల్ల పౌడరు దట్టించిన పొడుగాటి అమ్మాయి. "వారమంతా ఆ పాటకి ఏడ్చాను. మళ్లీ అలాగే పెట్టు."

"అది మా అన్నయ్య గొంతు. అసలుది ఇదే," అన్నాను.

దుకాణం ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని లేబులంతా వెతికి, అంకె కనపడక భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఇక గుంపంతా ఒకసారి అలా, ఒకసారి ఇలా పెట్టించుకుని విన్నారు. ఏది గొప్పదో తేలక పోట్లాడుకుంటూనే తలా ఒకటి కొన్నారు.

ఇంటికెళ్లి అన్నయ్యకు ముప్పై మూడులో వినిపించాను. "అబ్బ, ఎంత బాగా ఏడుస్తున్నానే," అంటూ నేల మీద దొర్లి నవ్వాడు. తర్వాత లేచి కాటుక వెతుక్కున్నాడు.

మర్నాడు కచేరీకి నేనూ వెళ్లాను. పాట హోరుగా మొదలైంది. ముందు వరసలవాళ్లు మాత్రం ఏటి అడుగున నాచులా మెల్లగా ఊగుతున్నారు. అన్నయ్య పాట ఆపి, ఏ వేగం కావాలని అడిగాడు. సగం హాలు ముప్పై మూడంది, సగం నలభై ఐదంది. డ్రమ్ముల యంత్రం వేగం తగ్గించి ఎద్దులా మూలగబోయాడు. గొంతు అంత కిందికి దిగక దగ్గొచ్చింది. హాలంతా నవ్వు.

"నావల్ల కాదు. మీట మా చెల్లి దగ్గరుంది, దాన్నడగండి," అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. క్లాసులో ఎన్నడూ చెయ్యెత్తని నేను చెయ్యెత్తి, లేని మీటని గాల్లోనే టక్కున నలభై ఐదుకి జరిపాను.

తెల్ల పౌడరు అమ్మాయే అందరికంటే ముందు ఎగిరింది.