బూడిదలో అడుగు

లాజరు కుట్టిన చెప్పులు తొడగని పెద్దకాపు ఆ ఊళ్లో లేడు. లాజరు చేయి సోకనిచ్చిన పెద్దకాపూ లేడు. కొలత కావాలంటే వాకిట్లో బూడిద పరిచేవారు. కాపు అందులో కాలు పెట్టి తీసి, పక్కకు జరిగేవాడు. అప్పుడు లాజరు వంగి, అడుగును పుల్లతో కొలిచి, తోలుముక్క మీద గీసి కోసుకునేవాడు. ఆ అచ్చులన్నీ ఇంట్లో దూలానికి వేలాడుతుండేవి. ఏది ఎవరి కాలో పన్నెండేళ్ల కూతురు యేసమ్మ చూడకుండా తడిమి చెప్పగలదు.

అది 1961. ఎండలు ముదురుతున్నాయి. నిజాంసాగర్ నీళ్లను ఊరికింతని వంతులు వేసి వదులుతున్నారు. ఒకనాడు తెల్లారేసరికి కాలువ కట్టకు గండి పడి ఉంది. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కల్లాలు మునిగాయి. వంతు లేకపోయినా ఆత్మారాం పటేలు చెరుకు మాత్రం నిండా తడిసింది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

యేసమ్మ అన్న జయరాజ్‌ను పట్టుకొచ్చి చావడి గుంజకు కట్టేశారు.

"మొన్న కాలువల మేం దిగే ఎగువ మెట్ల కాడ నీళ్లు తాగిండని నాలుగు తగిలిచ్చిన. గా కోపానికి కట్ట తెంపిండు," అన్నాడు పటేలు.

రాత్రంతా జయరాజ్ ప్రార్థనలోనే ఉన్నాడని పదిమంది చెప్పారు. పదిమందీ లాజరు వాడవాళ్లే కాబట్టి ఆ మాట చెల్లలేదు. బోధన్ ఠాణాకు తీసుకుపోవడానికి బండి సిద్ధం చేస్తున్నారు. మేనమామ పోశయ్య మునుపొకసారి అట్లాగే బండెక్కి పోయాడు. మళ్లీ రాలేదు. తండ్రి చూస్తే తోళ్ల కోసం ఇందల్వాయి పోయి ఉన్నాడు. తల్లి శారమ్మ చావడి ముందు మట్టిలో కూలబడింది.

యేసమ్మ కాలువ దగ్గరికి పరుగెత్తి వంతెన దాటింది. అవతలి గట్టున కూలీలు మట్టి సంచులు నింపుతున్నారు. గండి పక్కనే తడిమట్టిలో ఉత్తకాళ్ల అడుగులు దిగి ఉన్నాయి. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు, వెడల్పు మడమ. ఇంకాసేపట్లో వాటి మీద సంచులు పడతాయి.

ఇంటికి పోయి దూలానికున్న ఒక అచ్చు లాక్కుని వచ్చింది. ఈసారి వంతెన మీద పటేలు మనుషులు అడ్డంగా నిలబడి ఉన్నారు. అచ్చును పళ్ల మధ్య పట్టుకుని కాలువలోకి దూకింది. నీళ్లు గండి వైపే లాగుతున్నాయి. ఒకసారి మునిగింది, తేలింది, చివరికి గట్టు మీది గడ్డి చేతికి చిక్కింది.

"ఏయ్ పోరీ! సావనీకి నా కాలువనే దొరికిందా?" అని అరిచాడు తుకారాం. కాలువ నీళ్లకు కాపలా ఉండే లష్కర్ ఆయన.

"తాతా, గా అడుగుల మీద మట్టి పొయ్యకుండ్రి!"

"మీ అన్నయే గద అవి?"

"మా అన్నయైతే గీ అచ్చు పట్టదు. సూడుండ్రి."

అడుగు మీద తోలుముక్క పెట్టింది. కుండకు మూతలా సరిపోయింది.

"ఎవలదే గిది?"

"దసరాకు మా బాపు కిర్రు చెప్పులు ఎవలికి కుట్టిండో మీకెర్కలేదా?"

తుకారాంకు ఎరుకే. ఆ చెప్పులు వస్తుంటే ఊరంతా పక్కకు జరుగుతుంది. చప్పుడవుతుందనే పటేలు రాత్రి వాటిని విప్పి వచ్చాడు.

"బిడ్డా, నా నౌకరి పోతది."

యేసమ్మ ఆ అడుగుకు అడ్డంగా కూర్చుంది. "అయితే నా మీదనే పొయ్యుండ్రి మట్టి."

 తుకారాం ఒక ఇనప తట్ట తెచ్చి అడుగు మీద బోర్లించాడు. "సూపర్‌వైజర్ సాబ్ వచ్చేదాక దీన్నెవ్వలు లేపద్దు," అని కూలీలకు చెప్పాడు.

సూపర్‌వైజర్ సైకిల్ మీద వచ్చి, తట్ట లేపి చూసి, పటేలును పిలిపించి ఆ అచ్చు మీద కాలు పెట్టమన్నాడు.

"వాడోళ్ల తోలుముక్క నా కాలుకు తగలాల్నా?" అన్నాడు పటేలు.

"తగలద్దు. పక్కన బురదల కాలు పెట్టుండ్రి, చాలు."

పటేలు కదల్లేదు. పసుపు మునిగిన ముత్తన్న వెనక నుంచి అన్నాడు, "పెట్టు పటేలా. బూడిదల పెట్టిన కాలే గద."

ఎవరో నవ్వారు. పటేలు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. చెప్పుల కిర్రు చావడి దాకా వినబడింది.

జయరాజ్ కట్లు విప్పారు. తప్పయిందని ఎవరూ అనలేదు. గండి దానంతట అదే పడిందని సూపర్‌వైజర్ కాగితం రాసుకుని పోయాడు.

సాయంత్రం లాజరు వచ్చి అంతా విన్నాడు. "నువ్వు ఊళ్లుంటే రేపు ఇంకో గండి పడ్తది," అన్నాడు కొడుకుతో. నిజామాబాద్‌లో మేనత్త వసంతమ్మ ఇంటికి పొద్దున బస్సుకు పంపుదామన్నాడు. శారమ్మ సజ్జరొట్టెలు మూట కట్టింది.

కొడుక్కు ఎన్నడూ చెప్పులు కుట్టని లాజరు కొత్త తోలు ముందేసుకున్నాడు. యేసమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి పరిచింది. "కాలు పెట్టు, అన్నా."

లాజరు దాన్ని చేత్తో ఊడ్చేశాడు. "మనోని కాలుకు బూడిదెందుకే?"

కొడుకు పాదాన్ని తొడ మీద పెట్టుకుని, మడమ నుంచి వేళ్ల దాకా జానతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"చక్కిలిగిలి అయితుంది బాపూ," అన్నాడు జయరాజ్.

"కదలకు," అంటూ లాజరు మూడోసారి కొలిచాడు.