దూది పుల్లల డబ్బా

వెర్నెల్ టిబ్స్ ఐదో గదికి ఇవ్వాల్సిన కాగితాలు చంకలో పెట్టుకుని, వరండాలో గోడ పట్టుకుని నడుస్తోంది. అరవై ఒకటో ఏడు. మోకాళ్లు వాచి, తెల్లబూట్ల పక్కలు చీలిపోయాయి. కడిగి కడిగి గోళ్ల చుట్టూ చర్మం పాలిపోయింది గాని, వేళ్లు ఇంకా మెత్తగా, చురుగ్గానే ఉన్నాయి. ఈ ప్రసూతి వార్డులో ఇరవయ్యేడేళ్లుగా ఆమెది ముఖ్యంగా ఒకటే పని: ఇంటికెళ్లబోయే తల్లులకు పసివాళ్లను చూసుకోవడం నేర్పడం. సోమవారం నుంచి ఆ పని గోడకు తగిలించిన వీడియో తెర చేస్తుంది. అంటే ఇవాళే ఆఖరి రోజు. ఎవరైనా కేకు తెస్తారని ఆమె అనుకోలేదు. అబద్ధమెందుకు, కాస్త ఆశపడింది.

ఐదో గదిలో పందొమ్మిదేళ్ల జకైరాకు మొన్న మగపిల్లాడు పుట్టాడు. పదకొండింటికి ఇంటికి పంపేస్తారు. సున్తీకి ప్రభుత్వ బీమా వర్తించదన్న కాగితం మీద ఆ పిల్ల చేత సంతకం పెట్టించాలి.

వెర్నెల్ తలుపు తోసింది. జకైరా నానమ్మ, ఊళ్లో అందరూ గౌరవంగా మిస్ ఎర్లీన్ అని పిలిచే పెద్దావిడ, పిల్లాడి డైపర్ విప్పి, ఒక చేత్తో వాణ్ణి అదిమి, రెండో చేత్తో తడిపిన దూది పుల్ల పట్టుకుని వంగి ఉంది. పక్కమీద ఆవిడ కొనుక్కొచ్చిన పుల్లల కొత్త డబ్బా మూత తీసి ఉంది.

"ఆగండి!"

ఇన్నేళ్లలో వెర్నెల్ గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

"ఏంటా అరుపు? పసివాడు దడుచుకోడూ?" అంది ఎర్లీన్.

"ఏం చేస్తున్నారు మిస్ ఎర్లీన్?"

"ఏం చెయ్యను మరి? నా కొడుకులు అయిదుగురికీ ఇదే ఆస్పత్రిలో, ఇదే బీమా కార్డు మీద కోశారు. నా మునిమనవడి దగ్గరికొచ్చేసరికి గవర్నమెంటుకి చేతులు రాలేదు. సరే, కొయ్యకపోతే పోయె. లోపల మురికి చేరదా? ఆ తోలు వెనక్కి లాగి తుడవాలి కదా!"

"లాగకూడదు."

"అయిదుగుర్ని పెంచినదాన్ని. నాకు చెప్తావా పిల్లా?"

"నానమ్మా, ఆవిడేదో చెప్తోందిగా, విను," అంది జకైరా మంచం మీంచి.

"నువ్వూరుకోవే. నిన్నగాక మొన్న తల్లివయ్యావు."

అయిదుగుర్ని పెంచిన మాట నిజమే. కానీ వాళ్లలో ఒక్కడికీ ముందరి చర్మం లేదు. ఆ ఊళ్లో తాతల కాలం నుంచీ, మతంతో పనిలేకుండా, పుట్టిన రెండో రోజే కోసేసేవాళ్లు. తొమ్మిదేళ్ల కిందట రాష్ట్రం ఆ ఖర్చును బీమాలోంచి కొట్టేసింది. కోతైతే ఆగింది గాని, కొయ్యని పిల్లాణ్ణి ఎలా చూసుకోవాలో తెలిసిన అమ్మమ్మగానీ నానమ్మగానీ ఊళ్లో లేదు.

వెర్నెల్ రోజూ చెప్పేదే చెప్పింది. ఈ వయసులో ఆ చర్మం కండకు అంటుకునే ఉంటుంది, ఏళ్ల మీద దానంతటదే వదులవుతుంది, పైపైన నీళ్లతో కడిగితే చాలు. కోయించాలో వద్దో మీ ఇష్టం, కావాలంటే డాక్టర్ని అడగండి అంది. ఎర్లీన్ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. పుల్ల చేతిలోంచి కదల్లేదు. గడియారంలో పదిన్నర. ఇంటికెళ్లాక ఈవిడ చెయ్యి పట్టుకుని ఆపేదెవరు?

వెర్నెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత చెప్పిన మాట ఆమె ఏ గదిలోనూ, ఎవరితోనూ చెప్పలేదు.

"నా మనవడు మైకా. బీమా ఆపేసిన ఏడాదే పుట్టాడు. డాక్టరు కోస్తుంటే పంచదార నీళ్లలో ముంచిన వేలు పిల్లల నోట్లో పెట్టి, వందలమందిని పట్టుకున్నదాన్ని నేను. నాకు తెలీనిదేముందిలే అనుకున్నా. స్నానం చేయిస్తూ, మా అమ్మాయి వద్దంటున్నా వినకుండా, వెనక్కి లాగా."

జకైరా పడక మీద లేచి కూర్చుంది.

"నెత్తురొచ్చింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. పుండు మానింది గాని, మచ్చకట్టి బిగుసుకుపోయింది. ఒంటికి వెళ్లడానికి కూడా ఏడ్చేవాడు. మూడేళ్లప్పుడు మత్తిచ్చి కోశారు. రోగమైంది కాబట్టి అప్పుడు బీమా ఇచ్చింది."

"ఇప్పుడెలా ఉన్నాడు?" ఎర్లీన్ గొంతు తగ్గింది.

"బాగున్నాడు. తొమ్మిదేళ్లు. మా అమ్మాయే... ఆ రోజు నుంచీ వాణ్ణి నా దగ్గర ఒంటరిగా వదల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను మిస్ ఎర్లీన్."

చెప్పాక వెర్నెల్‌కు సిగ్గేసింది. చేతులు ఒళ్లో దాచుకుంది.

ఎర్లీన్ పుల్ల చెత్తబుట్టలో పడేసి, డైపర్ వంకరగా బిగించింది. "నేనింకా లాగలేదులే," అని గొణిగింది. జకైరా సంతకం పెట్టింది.

పదకొండింటికి చక్రాల కుర్చీ వచ్చింది. ఎర్లీన్ సంచులు మోస్తూ వెర్నెల్ ముందునుంచే వెళ్లింది. థాంక్స్ అనలేదు, తలెత్తి చూడనూ లేదు. మొండి మనిషి, నమ్మిందో లేదో!

మూడింటికి వెర్నెల్ తన గుర్తింపు కార్డు కౌంటర్లో ఇచ్చేసింది. "సోమవారం నుంచి హాయిగా పడుకో వెర్నెల్," అంది అక్కడున్న అమ్మాయి తలెత్తకుండానే. కోటు వేసుకుని లిఫ్టు దాకా వెళ్లినదల్లా, ఏమనుకుందో, వెనక్కి తిరిగింది.

ఐదో గది ఇంకా తుడవలేదు. ఎర్లీన్ ఆస్పత్రి సబ్బూ, కాగితం రుమాళ్లూ, ఆఖరికి ప్లాస్టిక్ దువ్వెనతో సహా అన్నీ సర్దుకుపోయింది. కిటికీ గట్టు మీద మాత్రం దూది పుల్లల డబ్బా ఉంది. మూత గట్టిగా నొక్కి ఉంది, లోపల ఒక్క పుల్లే తక్కువ.